పులికి రెండుసార్లు, పిల్లికి ఒక్కసారీ లేదు

సబీనా వ్రూబెల్ కుడి భుజం పాడైంది పుస్తకాల బరువుకు కాదు, పెన్సిలు బరువుకు. డాక్టరుకు మాత్రం పుస్తకాలనే చెప్పింది. అరవై దాటిన మనిషి ఏటా చలికాలం చివర్లో తలకు అట్ట కిరీటం పెట్టుకుని, చీపురుకట్టంత పొడవున్న చెక్క పెన్సిలుతో పిల్లల భుజాలు తడుతుందని ఎక్స్‌రే గదిలో చెప్పడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

పోలండ్‌లో ఒకటో తరగతి పిల్లలు అక్షరాలన్నీ నేర్చుకున్నాక వాళ్లను గ్రంథాలయానికి తీసుకొస్తారు. వెనకటి రాజులు వీరుల భుజం కత్తితో తట్టి బిరుదు ఇచ్చినట్టు, పుస్తకాల రాణి పెన్సిలుతో రెండు భుజాలూ తట్టి, "ఇవాళ్టి నుంచి నువ్వు పాఠకుడివి" అంటుంది. అంతకుముందు పిల్లలు ప్రమాణం చేస్తారు: పేజీలు మడవం, జామ్ చేతులతో ముట్టుకోం, తీసుకున్నది తిరిగి ఇస్తాం. దీన్ని పాఠక పట్టం అంటారు. మా ఊరి పెద్ద గ్రంథాలయంలో ఇది మొదలైన ఏడు రాణి వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే, ఉద్యోగుల్లో అందరికంటే చిన్నదని సబీనా నెత్తిన కిరీటం పెట్టారు. తర్వాత దాన్ని తీసే దిక్కు లేకపోయింది.

రాణి అంగీ పఠనమందిరం పాత కిటికీ తెరతో కుట్టినది. వెనక వైపు తెర కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. పెన్సిలు అప్పటి వడ్రంగి చేశాడు. అట్టతో చేస్తే చాలని అందరూ చెప్పినా వినకుండా బీచ్ అనే గట్టి చెట్టు చెక్కతో చేశాడు, పది కాలాలు ఉండాలని. ఆయన పోయాడు. పెన్సిలు ఉంది.

సబీనా పుట్టింది చక్కెర ఫ్యాక్టరీ ఉన్న చిన్న ఊళ్లో. అక్కడ గ్రంథాలయమంటే అగ్నిమాపక కేంద్రం పైన ఒక గది. చిన్నప్పుడు ఆ గదికి ఎందుకు వెళ్లేదానివని విలేకరులు అడిగితే, పుస్తకాల మీద ప్రేమ అని చెప్పించుకోవాలని చూస్తారు. ఆమె ఎప్పుడూ ఒకటే చెబుతుంది: "అక్కడ పొయ్యి బాగా మండేది." అలా వెచ్చదనానికి వెళ్లిన పిల్ల చదువుకుని, పెద్ద ఊరికి వచ్చి, పిల్లల విభాగంలో చేరింది. శనివారాలు కథలు. మంగళవారం పొద్దున చంటిపిల్లల తల్లులకు పాటలు. చలికాలం సెలవుల్లో కాగితం బొమ్మలు. డిసెంబరులో పిల్లలకు బహుమతులు పంచే తాత వేషగాడికి గడ్డం అతికించే పని కూడా ఆమెదే. రోజంతా ఎలుగుబంటిలా, నక్కలా, ముసలి రాజులా గొంతు మార్చి మార్చి, ఇంటికి వెళ్లేసరికి సొంత గొంతు మిగిలేది కాదు. భర్త లియోనార్డ్ ఏదైనా అడిగితే తల ఊపి ఊరుకునేది. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాడు, మాటల మనిషి కాదు. సాయంత్రం గుర్రాల మందు డబ్బా తీసి భార్య భుజానికి రుద్దేవాడు. గుర్రాల పేరుతో అమ్మే ఆ ఘాటు పచ్చమందు మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

"గుర్రాలకు పనిచేసేది రాణులకు పనిచెయ్యదా?" అనేవాడు.

"గుర్రాన్నయితే ఈపాటికి పెన్షనిచ్చి గడ్డిలోకి వదిలేవాళ్లు" అనేది ఆమె.

కిందటి ఏడాది చేయి భుజం దాటి లేవడం మానేసింది. డాక్టరు కాగితం రాసిచ్చాడు: కుడి చేత్తో బరువు ఎత్తరాదు. ఆ కాగితం చూసి డైరెక్టర్ ఎమిల్ మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఎమిల్‌ది సబీనాకు కొడుకయ్యేంత వయసు. ఉత్సాహవంతుడు, చెడ్డవాడు కాదు. పిల్లల నాటకశాల నుంచి ఒక కుర్ర నటుణ్ని ఇకపై ఏటా పెట్టుకోవచ్చని వాళ్లను నోటిమాటగా ఒప్పించాడు. సంతకాలు ఇంకా కావాలి. కాకపోతే ఆ ఏటి పట్టం జరిగే పెద్ద శనివారానికి అప్పటికే ఊరంతా పోస్టర్లు వేశారు, వాటి మీద రాణి బొమ్మ ఉంది.

"ఈ ఒక్క శనివారం, సబీనా గారూ. ఆ తర్వాత మిమ్మల్ని అడిగితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు.

సబీనా ఒప్పుకుంది. అంగీ ఉతికించి, నటుడికి అప్పగించడానికి ఒక సంచీ కూడా తెచ్చి అల్మారాలో పెట్టుకుంది. ఆ సంచీ చూసుకున్నప్పుడల్లా భుజం కాస్త తేలికపడినట్టు ఉండేది.

పూర్వం పట్టం రోజుకో తరగతికి, నింపాదిగా జరిగేది. ఎమిల్ దాన్ని కుటుంబాల పండుగ చేశాడు. బళ్లన్నీ ఒకేసారి, తల్లిదండ్రులు, అవ్వలు, తోపుడు బళ్లలో చంటిపిల్లలు. హాల్లో సబ్బు బుడగల యంత్రం. ఒక మూల కాలేజీ అమ్మాయిలు పిల్లల మొహాలకు రంగులు వేస్తున్నారు. పులి, పిల్లి, ఈ రెండే వాళ్లకు వచ్చు. బయట కరిగిన మంచు, ఉప్పు, బురద. కోట్ల గది ముందు వరస మెట్ల దాకా పాకింది. ఆ గది ఒటీలియాది. కోటు విప్పి ఆమెకు ఇవ్వకుండా మేయరు కూడా లోపలికి పోలేడు.

పిల్లలు వరసగా నిలబడ్డారు. అన్నీ పులులు, పిల్లులే. సబీనా ఒక్కొక్కరి ముందుకూ వచ్చి, పెన్సిలు ఎత్తి, ఎడమ భుజం, కుడి భుజం తట్టి, పక్కకు జరుగుతోంది. సగం అయ్యేసరికి ఎడమ చేత్తో కుడి మోచేతిని ఆసరా పట్టింది. చివరి వరసకు వచ్చేసరికి మొహాలు కనబడటం మానేశాయి, భుజాలే కనబడుతున్నాయి. ఒక పులిని తట్టింది. పక్కనున్న పిల్లి ఎదుటికి జరిగి సబీనా పెన్సిలు ఎత్తింది.

"రాణి గారూ, ఇటు! అలాగే పట్టుకోండి! నవ్వండి!" అని మా ఊరి పత్రిక ఫోటోగ్రాఫరు కేకేశాడు.

ఆమె తిరిగి నవ్వింది. పెన్సిలు గాల్లోనే ఉంది. ఆలోగా, అప్పటికే పట్టం అయిపోయిన పులి ఫోటోలో పడదామని పిల్లిని వెనక్కి నెట్టి ముందుకు వచ్చాడు. ఫోటో అయ్యాక సబీనా ఎదురుగా ఉన్న భుజాలను తట్టింది. అవి పులివే. పక్కకు జరిగింది.

మర్నాటి నుంచి ఆమె కిరీటం లేని మనిషి. వారం రోజులు హాయిగా గడిచాయి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ట్రామ్ డ్రైవర్ యూనిఫాంలో ఒకాయన వచ్చి కోట్ల గది దగ్గర ఇరుక్కుపోయాడు.

"రెండు నిమిషాల పనమ్మా. కోటు ఎందుకు విప్పడం?"

"రెండు నిమిషాలకైనా బురద బురదే" అంది ఒటీలియా. "మీ ట్రామ్‌లో టికెట్ లేకుండా రెండు స్టాపులు ఎక్కించుకుంటారా నన్ను?"

ఆయన కోటు ఇచ్చి, పిల్లల విభాగంలోకి వచ్చి, టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. పేరు విటోల్డ్.

"మా అమ్మాయి రూజా సంగతి, మేడం. పట్టం రోజు పిల్లి వేషంలో ఉంది. మీరు దానికి చెయ్యలేదంట."

"ఏం చెయ్యలేదంట?"

"భుజం తట్టలేదంట. పక్కవాడు బ్రూనో అని ఒకడున్నాడు, పులి. వాడికి రెండుసార్లు తగిలిందంట. క్లాసులో నేను డబుల్ పాఠకుణ్నని చెప్పుకు తిరుగుతున్నాడు. ఇది మాత్రం నోరు తెరవదు. టీచర్ చదవమంటే, నాకింకా పట్టం కాలేదు అని కూర్చుంటుంది."

"కార్డు ఇచ్చారుగా?"

"అదే అన్నాం. కార్డు టీచరిచ్చింది, రాణి ఇవ్వలేదంటుంది. పేపర్లో ఫోటో పడింది కదా అని వాళ్లమ్మ దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది. చూడవే, నీ నెత్తి మీదే ఉంది పెన్సిలు అంటే, నెత్తి మీద కాదు, గాల్లో ఉంది అంటుంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఇదివరకు నా ట్రామ్ ఎక్కితే స్టాపుల పేర్లన్నీ గట్టిగా చదివేది. ఇప్పుడు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటోంది. చదవడం రాని పిల్లల గుంపులో వేస్తామంటున్నారు స్కూల్లో."

సబీనాకు ఆ శనివారం గుర్తొచ్చింది. కిందకు దిగిన పెన్సిలు, కళ్ల ముందు నారింజ రంగు చారలు. అప్పటికే తట్టిన మొహంలా ఉందని చేతికి తెలిసింది, తలకు తెలియలేదు.

"రేపు తీసుకురండి. చేసేద్దాం" అంది.

రూజా మర్నాడు వచ్చింది. సన్నటి పిల్ల, మెడలో అల్లిన మఫ్లరు, ఊడిన ముందు పళ్లు. సబీనా ఆమెను సామాన్ల గదిలోకి తీసుకెళ్లి, అల్మారా పక్కనుంచి పెన్సిలు బయటికి లాగింది. ఒంటి మీద మామూలు ఊలు స్వెటరే ఉంది.

"రా తల్లీ. నిలబడు."

రూజా గడప దగ్గరే ఆగిపోయింది. "ఇక్కడ వద్దు."

"ఎందుకు?"

"స్కూల్లో తప్పు చేసినవాళ్లనే పక్కగదికి పిలుస్తారు. నేనేం తప్పు చెయ్యలేదు."

సబీనా పెన్సిలు గోడకు ఆనించింది. అలసటలో మనిషికి నిజం చెప్పేయాలనిపిస్తుంది. "చూడు రూజా. ఇది ఉత్త చెక్క. ఆ అంగీ కిటికీ తెర. నేను రాణిని కాదు, జీతానికి పనిచేసేదాన్ని. ఇది తగిలితే చదువు రాదు, తగలకపోతే పోదు."

"తెలుసు. వెనక కొక్కేలు కనబడతాయి."

"మరింకేం?"

"అందరికీ చేశారు. నాకు చెయ్యలేదు."

సబీనా పెన్సిలును మళ్లీ అల్మారా పక్కకు తోసింది. విటోల్డ్ ఇబ్బందిగా దగ్గాడు. "మొండిది మేడం. వాళ్ల నానమ్మ పోలిక."

"గురువారం ఇంకో స్కూలు వస్తోంది" అంది సబీనా. "మంచు వల్ల ఆ శనివారం వాళ్ల బస్సు రాలేదు. ఆ వరసలో నిలబడతావా? పట్టం కట్టేది నేను కాదు, ఒక అన్నయ్య. వీరుడి వేషం, వెలిగే కత్తి ఉంటుంది."

రూజా ఆలోచించింది. "నన్ను వదిలేసింది ఆయన కాదుగా" అంది.

సబీనా ఆ సాయంత్రమే పై అంతస్తులో ఎమిల్ గదికి వెళ్లింది. గురువారం తానే చేస్తానంది. ఎమిల్ కంప్యూటరు మీంచి తలెత్తి, విన్నది నిజమేనా అన్నట్టు చూశాడు.

"మీకు అర్థమవుతోందా? గురువారం ఆ కుర్రాడికి పరీక్ష లాంటిది. సాంస్కృతిక శాఖ నుంచి మేడం వస్తోంది చూడటానికి. మీ చెయ్యి లేవదని కాగితం చూపించి నేను ఈ పోస్టు సాధించాను. ఆవిడ కళ్ల ముందు మీరు పెన్సిలు ఎత్తితే, చెయ్యి బాగానే ఉందిగా అంటుంది. వచ్చే ఏడాది మళ్లీ మీరే. ఆ వచ్చే ఏడాదీ మీరే."

"తెలుసు."

"ఒక్క పిల్ల కోసమా? ఆ పిల్లకొక్కదానికే పక్కన చెయ్యండి, మిగతావాళ్లకు అతను చేస్తాడు."

"అదే ఆ పిల్లకు వద్దు. అందరికీ ఎలాగో తనకూ అలాగే కావాలి."

"ఏడేళ్ల పిల్ల మాట మీద మీరు మీ భుజం..." ఎమిల్ ఆగిపోయాడు. "నేను వద్దని ఆర్డరు వెయ్యొచ్చు."

"వెయ్యండి. ఆ పిల్ల తండ్రికి కూడా మీరే చెప్పండి మరి."

ఎమిల్ ఆర్డరు వెయ్యలేదు. ఇంట్లో లియోనార్డ్ సంగతంతా విని, ఎప్పటికంటే ఎక్కువసేపు మందు రుద్దాడు. "ఆ సంచీ ఏం చేస్తావు?" అని మాత్రం అడిగాడు.

"బంగాళాదుంపలు తెచ్చుకుందాం" అంది సబీనా.

గురువారం పల్లె బడి పిల్లలు వచ్చారు. చిన్న తరగతి, రంగులు లేవు, బుడగలు లేవు. నాటకశాల కుర్రాడు వెండి కాగితం కవచంలో వచ్చి, సంగతి తెలిసి, బాధపడకుండా పేర్లు పిలిచే పనికి కుదిరాడు. సాంస్కృతిక శాఖ మేడం ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఎమిల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. రూజా వరస మధ్యలో దూరింది.

పక్కనున్న పిల్లవాడు ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. "నువ్వు మా క్లాసు కాదు."

"కాదు. నేను మిగిలిపోయినదాన్ని."

"దేంట్లోంచి?"

"ఆ పెద్ద శనివారంలోంచి."

అతనికి అది సరిపోయినట్టుంది, కాస్త జరిగి చోటిచ్చాడు.

ప్రమాణం అయింది. సబీనా మొదటి పిల్లకు చేసింది, రెండో పిల్లవాడికి చేసింది. మూడోసారి పెన్సిలు సగంలోనే ఆగిపోయింది. ఆమె దాన్ని దించింది. ఎమిల్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ కుర్రాడు కత్తి వైపు చూసుకున్నాడు. సబీనా ఎవరి మొహమూ చూడలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, శనివారం కథలు చెప్పే పొట్టి కుర్చీలో కూలబడింది. పెన్సిలును కుర్చీ రెండు చేతుల మీదుగా అడ్డంగా, ఒక కొస బాగా బయటికి వచ్చేలా, రైల్వే గేటులా పెట్టింది.

"రాణికి కాళ్లు నొప్పి పుట్టాయి" అంది. "ఇక మీరే రండి. ఒక్కొక్కరూ వంగి, దీని కింద ఎడమ భుజం ఆనించండి. తర్వాత కుడిది. మిగతా మాట నేను చెబుతా."

పిల్లలకు ఇది ఎక్కువ నచ్చింది. వంగి, దూరి, భుజం ఆనించి, బయటికొచ్చి నవ్వుతున్నారు. వంగినప్పుడు వాళ్ల మొహాలు ఆమె మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఇన్నేళ్లలో సబీనా వాళ్ల భుజాలే చూసింది. ఇప్పుడు చీమిడి ముక్కులు, ఊడిన పళ్లు, ఒకడి చెవిలో ఉన్ని ముక్క కూడా కనబడ్డాయి.

రూజా వంతు వచ్చింది. ఎడమ భుజం ఆనించింది. సబీనా "ఇవాళ్టి నుంచి నువ్వు..." అని మొదలుపెట్టింది.

"ఆగండి, కుడిది కాలేదు" అంది రూజా.

"ఔను. కుడిది."

కుడిది ఆనించింది. "ఇవాళ్టి నుంచి నువ్వు పాఠకురాలివి" అంది సబీనా. రూజా ఆమె కళ్లలోకి చూసి, రసీదు అందుకున్నంత మామూలుగా తలూపి, తర్వాతి పిల్లవాడికి దారిచ్చింది. కౌగిలింతలు, కన్నీళ్లు ఏమీ లేవు.

అంతా అయ్యాక కోట్ల గది దగ్గర విటోల్డ్ కూతురికి కోటు తొడుగుతున్నాడు. రూజా మెడ వెనక్కి వాల్చి, ఒటీలియా తల పైనున్న బోర్డు వైపు చూస్తోంది. మఫ్లరు బిగిస్తుండగానే గట్టిగా, ఆగి ఆగి, మొదలుపెట్టింది.

"గదిలో... వదిలిన... వస్తువులకు... యాజమాన్యం... బాధ్యత... వహించదు."

విటోల్డ్ చేతులు ఆగిపోయాయి.

"ఏం చూస్తారు? ట్రామ్ టైమయింది, నడవండి" అంది ఒటీలియా. "ఇన్నేళ్లలో ఆ బోర్డు చదివిన మొదటి మనిషి మీ అమ్మాయే. అందరూ వచ్చి నా మీదే అరుస్తారు."

వాళ్లు వెళ్లేటప్పుడు తలుపు మీద "నెట్టుము" అన్నది కూడా వినబడింది.

పైన హాల్లో సాంస్కృతిక శాఖ మేడం ఎమిల్ చేయి పట్టుకుని ఊపుతోంది. "ఎంత హుందాగా ఉంది! రాణి కూర్చోవడం, పిల్లలు వచ్చి వంగడం. ముందే ఇలా ఎందుకు చెయ్యలేదు? ఇంక నటుడెందుకు చెప్పండి? ఆవిడ కూర్చుని ఇంకో పదేళ్లు చేస్తుంది."

ఎమిల్ సబీనా వైపు చూశాడు. ఆమె కిరీటం తీసి, లోపల అంటుకున్న వెంట్రుకలు ఏరుతోంది.

మేడం వెళ్లాక దగ్గరికి వచ్చాడు. "నేను ముందే చెప్పాను."

"చెప్పారు."

"డాక్టరు కాగితం పట్టుకుని ఇంకోసారి వెళ్తా. కాని ఈసారి వింటారని..."

"వెళ్లకండి. ఆ కుర్చీకి మెత్త ఒకటి వేయించండి" అంది సబీనా. "పట్టం మళ్లీ రోజుకో తరగతికి పెట్టండి. మొహాలకు రంగులు మాత్రం తర్వాత వెయ్యమనండి, ముందు కాదు."

ఎమిల్ తలూపాడు. పేరు మార్చుకుంటానన్న మాట ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఎత్తలేదు.

సబీనా అంగీని మడతపెట్టి మళ్లీ అదే అరలో పెట్టింది. పెన్సిలు పక్కన నిలబెట్టింది. ఖాళీ సంచీని నాలుగు మడతలు చేసి చేతిసంచిలో వేసుకుంది. కింద ఒటీలియా కోటు పట్టుకుని సిద్ధంగా ఉంది. ఇంకెవరికీ ఆమె కోటు తొడగదు, కొక్కేనికి తగిలించడమే ఆమె పని.

"నొప్పి చెయ్యి ముందు పెట్టండి. అది కాదు, కుడిది" అంది. "కుడిది అని ఆ పిల్ల పైన గుర్తుచేసిందంట, అయినా మీకు గుర్తుండదు."

చేయి సగం దాకా వెళ్లి ఆగింది. ఒటీలియా కోటు కిందకు దించింది. సబీనా కాస్త వంగింది. అప్పుడు చేయి దూరింది.